బీరువా మీది సీసా

మా ఇంట్లో బీరువా మీద 2012 నుంచి ఒక వైన్ సీసా ఉంది. మేము తాగేవాళ్ళం కాము. చుట్టాలొచ్చినప్పుడు దాన్ని చూసి, "ఏమండోయ్, రిటైరయ్యాక తీద్దామని దాచుకున్నారా?" అని నవ్వుతారు. మా ఆవిడ మాత్రం ప్రతి దసరాకూ ఇల్లు దులిపేటప్పుడు, "పూజ గది పక్కనే పెట్టాలా దీన్ని?" అని అడుగుతుంది. నేను దాన్ని నాలుగంగుళాలు పక్కకు జరుపుతాను. అంతటితో ఆ ఏటి చర్చ ముగుస్తుంది.

కుటుంబ పత్రికలో వైన్ గురించి రాయడమేమిటని పెద్దలు కోప్పడవచ్చు. ఎవరినీ తాగమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ సీసాలో ఉన్నది ఒక కుటుంబం పండించిన ద్రాక్ష. ఆ తోటకు అప్పిచ్చింది నేను. ఆ అప్పులో ఒక తప్పు చేసిందీ నేనే. ఆ సంగతి చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది.

2005లో చిక్కబళ్ళాపురం వైపు ఒక బ్రాంచికి మేనేజరుగా వెళ్ళాను. నంది కొండ చుట్టుపక్కల ఆ సీమ గురించి కర్ణాటకలోని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. బోర్డుల మీద కన్నడం, బడిలో కన్నడం, చాలా ఇళ్ళలో తెలుగు. నేను కౌంటరు దగ్గర కన్నడంలో పలకరిస్తే, "తెలుగులోనే చెప్పండి సార్, మాదీ ఇంట్లో అదే" అనేవారు. అలా పరిచయమైన ఒక పెద్దాయనకు నాలుగెకరాల ద్రాక్షతోట ఉండేది. అంతా బెంగళూర్ బ్లూ రకం. రాతి కూసాలు నాటి, పైన తీగల పందిరి వేసి పెంచుతారు. పందిరి కింద నడుస్తుంటే గుత్తులు తలకు తగులుతాయి. తినడానికీ రసానికీ పోయే నల్లని కాయ. తర్వాత 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆయన, ఆయన కొడుకు ఒకరోజు కాగితాలు పట్టుకుని వచ్చారు. రెండెకరాల్లో పాత తోట తీసేసి, వైన్ చేసే కాబెర్నే సోవినాన్ రకం నాటాలని వాళ్ళ కోరిక. ఆ దగ్గర్లోనే, దొడ్డబళ్ళాపురం వైపు, కన్వల్ గ్రోవర్ అనే ఆయన ఫ్రాన్సు నిపుణుల సాయంతో ఎన్నో ఫ్రెంచి రకాలు నాటి పరీక్షించి, 1988లో తోట స్థిరపరచి, 1992లో వైన్ బయటకు తెచ్చారు. నంది కొండ దిగువన ఆ ద్రాక్ష పండుతుందని అప్పటికే రుజువయింది. మహారాష్ట్రలో 2001లోనే వైన్ విధానం వచ్చి నాసిక్ వైపు తోటలు పెరుగుతున్నాయి. మన దగ్గరా వస్తుందని అందరూ అనుకుంటున్నారు. 2007లో వచ్చింది కూడా.

"ఇప్పుడున్న తోటకేమొచ్చిందన్నా?" అని అడిగాను.

"ఏమీ రాలేదు సార్. అది నాయన నాటింది. మావాడు ఇంకొకటి నాటాలంటాడు. వాడిది కూడా ఒకటి ఉండల్ల కదా" అన్నాడాయన.

నేను కామర్సు చదివినవాణ్ణి. ముందు లెక్క చూశాను. లెక్క నాకు రుచించలేదు. బెంగళూర్ బ్లూ ఎకరానికి కాసేదాంట్లో కాబెర్నే మూడో వంతో నాలుగో వంతో మాత్రమే కాయాలట. ఎక్కువ కాస్తే కొనేవాడే వద్దంటాడు. కాయ చిన్నది, తోలు మందం, గింజ పెద్దది. తూకంలో నష్టమే. "మరి ఎందుకయ్యా?" అంటే కొడుకు ఓపిగ్గా చెప్పాడు. నల్లద్రాక్ష పిండినా లోపలి రసానికి దాదాపు రంగుండదు. వైన్‌కు ఎరుపు, వగరు తోలులోంచి, గింజలోంచి రావాలి. అందుకే రసాన్ని తోలుతో కలిపి రోజుల తరబడి పులియబెడతారు. కాయ చిన్నదైతే రసానికి తోలు పాలు ఎక్కువ. మనకు లోపంగా కనిపించేదే వాళ్ళకు గుణం. కిలో కిందా మీదా కాయతో ముప్పావు లీటరు సీసా ఒకటి వస్తుందన్నాడు.

అప్పు మంజూరు చేయడానికి ఒప్పుకున్నాను. తప్పు అక్కడ జరిగింది.

వాళ్ళు మొదటి వాయిదాకు మూడేళ్ళ గడువు అడిగారు. అంత గడువంటే పై ఆఫీసులో వంద ప్రశ్నలు వేస్తారు, ఫైలు తిరిగొస్తుంది. మిగతా రెండెకరాల బెంగళూర్ బ్లూ ఆదాయం చూపించి, గడువును 18 నెలలకు కుదించి పంపాను. కాగితం మీద అందంగా కుదిరింది. వారంలో మంజూరయింది. నా చురుకుదనానికి నేనే మురిసిపోయాను. పెద్దాయన కాగితాలు చూసి, "18 నెలలకు తీగ కూసం కూడా దాటదు సార్" అన్నాడు. "మిగతా తోట ఉందిగా అన్నా" అన్నాను. ఆయన సంతకం చేశాడు.

2006 మొదట్లో వేరు మొక్కలు నాటారు. ఇందులో ఒక విశేషం ఉంది. వేరు ఒక జాతి, పైన కాసే కొమ్మ ఇంకో జాతి. 1860ల నుంచి ఒక పురుగు ఫ్రాన్సు తోటల వేళ్ళను తినేస్తే, దాన్ని తట్టుకునే అమెరికా తీగల వేళ్ళ మీద ఫ్రెంచి కొమ్మలు అంటుకట్టి అక్కడి రైతులు బతికారు. మన దగ్గర వాడే డాగ్‌రిడ్జ్ అనే వేరు టెక్సాస్ నుంచి వచ్చింది. చౌడునూ, నీటి కొరతనూ ఓర్చుకుంటుంది. పైన కట్టే కాబెర్నే సోవినాన్‌దీ కలిసిన వంశమే. ఎర్ర వైన్‌కు పేరు పడ్డ ఆ రకానికి తలిదండ్రుల్లో ఒకటి నల్ల ద్రాక్ష, రెండోది తెల్ల ద్రాక్ష అని కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు డీఎన్ఏ పరీక్షతో 1997లో తేల్చారు. టెక్సాస్ వేరు, ఫ్రెంచి కొమ్మ, కన్నడ నేల, దానికి తెలుగులో మాట్లాడుతూ నీళ్ళు పెట్టే మనిషి. ఇల్లు ఒకచోట, వేరు ఒకచోట ఉన్న మనలాంటి వాళ్ళకు ఆ తీగను చూస్తే వింతగా అనిపించదు.

2006 సెప్టెంబరులో అంటుకట్టారు. 2007 సెప్టెంబరులో మొదటి వాయిదా పడింది. ఆ ఏడు కోత ముందు వానలకు మిగతా రెండెకరాల కాయ పగిలిపోయింది. అయినా వాయిదా తప్పకుండా, గడువు రోజునే కట్టారు. నా బ్రాంచిలో అది మంచి ఖాతా. ఆ మాట రిపోర్టులో కూడా రాశాను.

2008 జనవరిలో బంగారు రుణాల తనిఖీ చేస్తుంటే ఒక సంచి దగ్గర ఆగాను. రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు. పేరు ఆ పెద్దాయన భార్యది. అప్పు తీసుకున్న రోజు, ద్రాక్ష వాయిదా కట్టిన రోజు ఒకటే. నా బ్రాంచిలోనే ఈ కౌంటరులో బంగారం పెట్టి, ఆ కౌంటరులో కిస్తు కట్టారు. రెండింటి మీదా నా సంతకమే ఉంది. నా పుస్తకాల్లో రెండూ మంచి ఖాతాలే.

ఆ సాయంత్రం స్కూటరు మీద తోటకు వెళ్ళాను. పందిరి లేదు. తీగలు కంచె కట్టినట్టు వరసలుగా, ఛాతీ ఎత్తున ఉన్నాయి. ఆమె కత్తెర పట్టుకుని పచ్చి గుత్తులు కోసి నేల మీద పడేస్తోంది. వరస పొడుగునా కింద కాయలే.

"ఇదేమిటమ్మా, కాసిన కాయ పారేస్తున్నారు?"

"తొలికాపు ఉంచకూడదంట సార్. తీగకు బలం రావల్లంట. వచ్చే ఏడు కాపు నిలపల్లంట. నాకూ చెయ్యాడలేదు మొదట" అంది.

నేలమీది ఆ కాయలు చూస్తే నాకు అంతా అర్థమయింది. ఏ ఏడు తీగే కాయను వదులుకోవాలో, ఆ ఏడే వాయిదా కట్టమన్నాను నేను. గొలుసు సంగతి ఎత్తితే ఆమె నవ్వేసింది. "ఇంట్లో ఉన్నా బీరువాలోనే సార్, మీ దగ్గరున్నా బీరువాలోనే." పెద్దాయన మాత్రం నవ్వలేదు. పక్క ఊళ్ళో స్థలాల బ్రోకరు రెండుసార్లు వచ్చి పోయాడని చెప్పాడు. దేవనహళ్ళి విమానాశ్రయం ఆ మే నెలలో తెరవబోతోంది. కిస్తు ఇంకొకటి తప్పదంటే అరెకరం అమ్మక తప్పేది కాదు.

మర్నాడు పై ఆఫీసుకు రాశాను. తీగ కాపుకు రావడానికి పట్టే కాలాన్ని తక్కువ చూపడం నా పొరపాటని, వాయిదాలను 2009 కోత తర్వాతికి జరపాలని కోరాను. నాకొక మెమో వచ్చింది. వాయిదాలు జరిగాయి. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ ఉత్తర్వు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆమె బంగారం మీద వడ్డీ నడుస్తూనే ఉంది. ఆ వడ్డీ నేను కట్టలేదు. కట్టాలని తోచనూ లేదు.

2009 మార్చి మొదట్లో మొదటి నిజమైన కోత. తెల్లవారుజామున, ఎండెక్కకముందే కోయాలని ఇంటిల్లిపాదీ లాంతర్లతో తోటలో ఉన్నారు. కొడుకు చిన్న దూరదర్శిని లాంటి పరికరం మీద రసం చుక్క వేసి నాకు చూపించాడు. 24 అని ఉంది. నూరు గ్రాముల రసంలో 24 గ్రాముల చక్కెర అన్నమాట. అది పులిస్తే సారా పాలు 13 శాతం దాకా వస్తుందన్నాడు. "మూడేళ్ళ తీగ కాయతో మంచి వైన్ వస్తుందా?" అన్నాను. నా సందేహం అప్పటికీ పోలేదు.

వాడు కళ్ళు మెరుస్తుండగా చెప్పాడు. వారెన్ వినియార్‌స్కీ అనే ఆయన చికాగోలో విశ్వవిద్యాలయంలో బోధించే ఉద్యోగం మాని, 1964లో భార్యాపిల్లలతో కాలిఫోర్నియా చేరి, ఇంకొకరి దగ్గర పని నేర్చుకుని, 1970లో నాపా లోయలో కాబెర్నే తోట వేశాడట. 1973లో ఆ మూడేళ్ళ తీగల కాయతో చేసిన వైన్‌ను 1976లో పారిస్‌లో సీసా కనబడకుండా రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తమ బోర్డో వైన్ల కంటే దాన్ని పైన నిలబెట్టారట. "అయితే మూడేళ్ళు ఆగితేనే సార్" అన్నాడు. వాడు నన్ననలేదు. నాకే తగిలింది.

ఆ మార్చి 31కి నా పుస్తకాలు ముగించాను. ఏప్రిల్‌లో ఆమె వచ్చి గొలుసు విడిపించుకుంది. ఇనుప పెట్టెలోంచి సంచి నేనే తెచ్చి ఇచ్చాను. సీలు విప్పి అక్కడే మెడలో వేసుకుని, "పోయొస్తా సార్" అంది.

బ్యాంకుకు ఏడాదంటే 12 నెలలు. తీగకు మూడేళ్ళు. కోసిన తర్వాత వైన్‌కు ఓక్ పీపాలో మళ్ళీ నెలలూ ఏళ్ళూ. ఇంతకాలం మధ్యలో పడే ఖర్చును కుటుంబమే మోయాలి. ప్రాజెక్టు రిపోర్టులో యజమాని పెట్టుబడి అని ఒక గడి ఉంటుంది. ఆ మెడలోని గొలుసూ, నేలన పడేసిన కాపూ ఏ గడిలోనూ పట్టవు. ఆ తర్వాత నా దగ్గరకొచ్చిన ప్రతి తోట అప్పులోనూ గడువు కుదించే ముందు తోట చూసి వచ్చాను. నేర్చుకున్నది అంతే.

2012లో నాకు మైసూరు బదిలీ అయితే దంపతులిద్దరూ ఇంటికి వచ్చారు. ఆమె బుట్టెడు బెంగళూర్ బ్లూ తెచ్చింది. ఆయన వైన్ కంపెనీ వాళ్ళు తమ రైతులకిచ్చిన సీసా తెచ్చాడు. 2010 కోతది. "మీరు తాగరని తెలుసు సార్. మా కాయ ఎట్లయిందో చూసుకోండి" అన్నాడు. చూసుకుంటూనే ఉన్నాను.

పెద్దాయన 2019లో పోయారు. పోయినేడు పలకరించడానికి వెళ్ళి, సీసా ఇంకా దాచానని కొడుకుతో గొప్పగా చెప్పాను. వైన్ పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందని నా నమ్మకం. వాడు పకపకా నవ్వాడు. "నిలబెట్టే పెట్టినారా సార్? కార్కు ఎండి గాలి పోయుంటాది. మా వైన్ నాలుగైదేళ్ళలో తాగేయాల్సింది. ఇప్పుడు పులుసులోకి కూడా పనికి రాదు."

మళ్ళీ నా లెక్కే తప్పింది.

ఈ వ్యాసం రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. గొలుసు సంగతి ఇన్నేళ్ళూ ఆమెకు చెప్పలేదు. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, సీసా దించి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పూజ గది పక్కనే, పాత చోటే పెట్టింది.