వంటింట్లో పుట్టే మాటలు

"ఫోన్లో ఏబీసీడీలన్నీ పాడతాడు డాక్టర్ గారూ, అమ్మా అని మాత్రం పిలవడు." రెండున్నరేళ్ళ కొడుకుని ఒళ్ళో పెట్టుకుని ఆ తల్లి దిగులుగా చెప్పింది. పక్కనే నాయనమ్మ ధైర్యం చెబుతోంది: "వీళ్ళ నాన్నకీ మూడేళ్ళదాకా మాట రాలేదమ్మా, వీడికీ అదే వస్తుంది."

ఇలాంటి పిల్లలకు ముందు చెవుల పరీక్ష చేయిస్తాను. తలుపు చప్పుడుకు తిరిగి చూసినంత మాత్రాన మాట స్పష్టంగా వినపడుతోందని కాదు. పేరుపెట్టి పిలిస్తే పలుకుతున్నాడా, నచ్చినదాన్ని వేలితో చూపించి మనల్నీ చూడమంటున్నాడా అన్నది గమనిస్తాను. వీడికి వినికిడి బాగుంది. గోడమీద ఏనుగు బొమ్మను చూపించి నా కళ్ళలోకి చూసి నవ్వాడు కూడా. అప్పుడు పొద్దున్న లేచింది మొదలు ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పమన్నాను. పాలు తాగేటప్పుడు ఫోను, అన్నం తినేటప్పుడు ఫోను, అమ్మ వంట ముగించేదాకా ఫోను.

రోజంతా వాడి చెవిన మాటలు పడుతూనే ఉన్నాయి. వాటిలో వాడికి జవాబుగా వచ్చినది ఒక్కటీ లేదు. వాడు "బ్బ" అన్నా అనకపోయినా ఫోన్లో బొమ్మ తన పాట తాను పాడుకుపోతుంది. అమ్మయితే "బువ్వా? బువ్వ కావాలా నాన్నా?" అంటుంది. తన కూతకు ఎదుటి మనిషి కదిలినప్పుడే మాటతో పని జరుగుతుందని బిడ్డకు తెలుస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, ఐదేళ్ళదాకా రోజుకు గంట దాటనివ్వొద్దనీ ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది. దూరాన ఉన్న అమ్మమ్మా తాతయ్యలతో వీడియో కాల్ మాత్రం ఫర్వాలేదంది. అక్కడ తెరలోని మొహం పిల్లవాడికి బదులు పలుకుతుంది మరి.

మందులేమీ రాయలేదు. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపుతూ ఆ తల్లికి ఇంటి పనే అప్పజెప్పాను. వంట చేసేటప్పుడు వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకోమన్నాను. చిక్కుడుకాయలు వలిచేటప్పుడు కొన్ని వాడి ముందు పెట్టి, చేస్తున్న పనిని మాటల్లో చెబుతూ ఉండమన్నాను. ఏదైనా అడిగాక వాడికి జవాబు చెప్పే వ్యవధి ఇవ్వమన్నాను. పెద్దలకు చాలా కష్టమైనది ఇదే. ప్రశ్న మనమే వేసి జవాబూ మనమే చెప్పేస్తాం. చిక్కుడుకాయ ఈనె తీసేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ కలిసి చేసే పని రేపు పెన్సిల్ పట్టుకోవడానికీ పనికొస్తుంది. వేరుశనగ గింజలు మాత్రం ఆ వయసు పిల్లల చేతికి ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

కొన్ని నెలలకు వాడికి "ఇంకా కావాలి", "నాన్న వచ్చాడు" లాంటి మాటలు వచ్చాయి. అందరికీ ఇంత తేలిగ్గా కుదరదు. కొందరికి ఏళ్ళ తరబడి థెరపీ కావాలి.

మరోసారి, మిరపకోతలకు వెళ్ళే ఒక తల్లి, మూడేళ్ళ కూతురికి అక్షరాలు రావడం లేదని సిగ్గుపడుతూ వచ్చింది. పగలంతా అమ్మమ్మ దగ్గరే ఉంటుందట. ఆ పిల్ల నా బల్ల పక్కన నిలబడి, తమ మేకకు రెండు పిల్లలు పుట్టాయనీ, నల్లది పాలు తాగనంటోందనీ, అమ్మమ్మ దాని మూతి పట్టి తాగించిందనీ వరసగా చెప్పింది. జరిగినదాన్ని క్రమం తప్పకుండా చెప్పగలగడం, నలుపూ తెలుపూ, ఒకటీ రెండూ తెలియడం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ వయసులో అక్షరాల తొందర లేదనీ, పిల్ల చక్కగా ఎదుగుతోందనీ, ఇదంతా అమ్మమ్మ చలవేననీ చెబితే ఆ తల్లి నమ్మలేనట్టు చూసింది. ఇలాంటి ఇళ్ళలో జరిగే గొప్ప చదువును గుర్తించి చెప్పడం కూడా మా వైద్యుల పనే అనుకుంటాను.

మొదటి పిల్లవాడి నాయనమ్మ చెప్పినలాంటి ధైర్యం మీద మాత్రం ఊరుకోవద్దు. పదహారు నెలలు నిండినా ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా వెంటనే చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలూ చికిత్సా ఉచితం. అంగన్‌వాడీలో అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.