అమ్మ సామెత పక్కన రాసిన మాట

నువైద్రాత్‌లో గురువారం సాయంత్రం అంటే మా ఇంట్లో వీడియో కాల్ టైమ్. ఇక్కడ ఏడైతే ఊళ్ళో తొమ్మిదిన్నర. అమ్మ మందులేసుకుని, ఫోన్‌ని మంచినీళ్ళ చెంబుకి ఆనించి కూర్చుంటుంది.

ఆమధ్య నేనేదో పని ఒప్పుకుని గొణుగుతుంటే, "రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎలాగే?" అంది. "రోకలి అంటే ఏంటమ్మమ్మా?" అంది మా అమ్మాయి. పదమూడేళ్ళ పిల్ల. పుట్టింది ఇక్కడే, చూసింది మిక్సీనే. అమ్మ సామెతలన్నీ నోటుబుక్కులో రాసి పెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

ఇది కొత్త పనేం కాదండీ. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ రే అని ఒకాయన ఉండేవాడు. కమ్మరి కొడుకు. మొక్కల మీద పెద్ద పెద్ద గ్రంథాలు రాసిన శాస్త్రవేత్త. మొక్కల కోసం ఊళ్ళు తిరిగిన ఆ మనిషే, జనం నోటి మాటలు కూడా ఏరి 1670లో ఇంగ్లిషు సామెతల పుస్తకం వేశాడు. స్నేహితులు పంపినవీ చేర్చాడు. అర్థం తెలియవనుకున్న వాటికి పక్కన వివరం రాశాడు. మన సామెతల్ని కూడా 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ అనే దొర ఇంగ్లిషు అర్థాలతో 'ఆంధ్రలోకోక్తిచంద్రిక' అని అచ్చేయించాడు.

నేనూ వారానికి నాలుగైదు చొప్పున రాస్తూ వచ్చి ఒకచోట ఆగిపోయాను. "ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదు." తమ్ముణ్ణి ఇంజనీరింగ్‌కి పంపి, నా చదువు ఇంటర్‌తో ఆపినప్పుడు అమ్మ అన్న మాట. మంచివే ఏరి రాస్తే అది అమ్మ నోరు కాదు. ఇదీ రాస్తే నా కూతురు చదువుతుంది. ఏం చెయ్యను?

అమ్మనే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"రాయవే," అంది చివరికి. "మా అమ్మ నాతో అంటే నేను నీతో అన్నాను. అనకూడని మాట అన్నానని కూడా పక్కన రాయి."

మా అమ్మాయి నా చేతిలో పెన్ను తీసుకుని, వంకరటింకర తెలుగులో తనే రాసింది.

మీ ఇంటి సామెతలు కూడా గ్రూపులో పెట్టండి. ఎవరు, ఎప్పుడు అన్నారో పక్కన రాయడం మాత్రం మర్చిపోకండి.