పదిమంది ఉంటేనే రెండోసారి

ముంబై కాలాఘోడాలోని కెనెసెత్ ఎలియాహూ సినగాగ్‌ను చాలామంది వీధిలోంచే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. 1884లో జేకబ్ ససూన్ బాగ్దాదీ యూదుల కోసం కట్టించిన ఈ మందిరంలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది బెనె ఇజ్రాయెల్ అనే మరో యూదు సమాజం వాళ్లే. శనివారం ఉదయం గుర్తింపు కార్డు చూపించి లోపలికెళ్లాను. యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ కాబట్టి రాసుకోవడం కుదరదు. చెవులకే పని.

నిలబడి చేసే ప్రధాన ప్రార్థన అమీదా వచ్చేసరికి అందరూ లేచారు. మూడడుగులు వెనక్కి, మూడు ముందుకు వేసి, పాదాలు జోడించి నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం పక్కవాడికి కూడా వినపడదు. అది ముగిశాక నడిమి వేదిక మీద, ప్రార్థన నడిపించే హజాన్ మళ్లీ మొదటికొచ్చాడు. అదే ప్రార్థన, అవే ఏడు స్తుతులు (మామూలు రోజుల్లోనైతే 19), ఈసారి గొంతెత్తి. ఒక్కో స్తుతి చివర సభంతా 'ఆమెన్'.

అయిపోయినదాన్ని మళ్లీ ఎందుకు చదవడం? చదవడం రానివాళ్ల కోసమన్నది పాత సమాధానం. అందరి బాధ్యతనూ హజాన్ తీరుస్తాడని రబ్బన్ గమలియేల్ అనే గురువు అన్నట్టు యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. ఇప్పుడు అందరి చేతిలోనూ పుస్తకముంది, అయినా పద్ధతి పోలేదు.

ఒకచోట పోయింది. 12వ శతాబ్దపు ఈజిప్టులో యూదు పండితుడు మైమోనిడెస్ దీన్ని ఎత్తేసి, పైకి ఒక్కసారి చాలన్నాడు. తమ వంతు ముగించినవాళ్లు హజాన్ చదువుతుంటే కబుర్లాడుతున్నారు, ఉమ్ముతున్నారు. పరాయివాళ్ల ముందు పరువు పోతోందని ఆయన బాధ. పెళ్లిమంత్రాలు నడుస్తుండగా మనవాళ్ల ముచ్చట్లు ఎరిగినవాణ్ని, ఆయన మీద నాకు సానుభూతే. ఆ ఏర్పాటు అక్కడ సుమారు మూడు వందల ఏళ్లు సాగాక, 16వ శతాబ్దంలో రబ్బీ డేవిడ్ ఇబ్న్ అబీ జిమ్రా పాత పద్ధతిని తిరిగి తెచ్చాడు.

తేవాల్సిందే అనిపించింది, రెండోసారిలోనే వచ్చే కెదుషా విన్నాక. మూడో స్తుతి దగ్గర హజాన్ ఒక మాట అందిస్తే, జనం 'పరిశుద్ధుడు' అని ముమ్మారు పలుకుతూ ప్రతిసారీ మడమలెత్తారు. మౌనంగా చదివినప్పుడు ఇది లేనేలేదు. ఒంటరిగా ప్రార్థించేవాడికి దక్కదు కూడా. రెండోసారి చదివేది అదే పాఠమైనా, జరిగే పని వేరు: మొదటిసారి ఎవరి మాట వారిది, ఈసారి ఒకరి మాటకు అందరి జవాబు.

కృతజ్ఞత చెప్పే 'మోదిమ్' దగ్గర ఇంకో చిత్రం. హజాన్ తన పాఠం చదువుతుంటే, సభ తల వంచి తనకంటూ ఉన్న వేరే పాఠాన్ని మెల్లగా చెప్పుకుంది. బయటికొచ్చాక ఒక పెద్దాయన్ని అడిగాను. "మన కోసం ఇంకొకరు అడగొచ్చు. థాంక్స్ మాత్రం మన నోటితోనే చెప్పాలి" అన్నారాయన.

పదిమంది పోగైతేనే ఇదంతా. ఇక్కడి సంప్రదాయంలో పదిమందీ మగవాళ్లే కావాలి. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదని, పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని తలకో మాట చొప్పున చెప్పుకుంటూ సరిచూస్తారట. వాక్యం పూర్తి కాకపోతే హజాన్ రెండోసారి మొదలుపెట్టడు. ఎవరి అమీదా వాళ్లు చదువుకుని ఇంటికెళ్తారు.