రాజ్‌పుత్ ఏ పెట్టెలోనూ లేదు

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ విశాఖ రేవు దాటి బయటికొస్తున్న ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌కు ఎదురుగా నీళ్లు కలకబారాయి. జలాంతర్గామేనని అనుమానించిన లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ రెండు డెప్త్ చార్జీలు వేయించాడు. ఆ తర్వాత వచ్చిన పేలుడు చప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లకూ వినిపించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పని అక్కడితో అయిపోయింది. పాకిస్తాన్ మాత్రం రాజ్‌పుత్ దెబ్బను ఒప్పుకోదు, లోపలి పేలుడో తాను పరిచిన మైనో కారణమంటుంది. ఆ వాదం ఎటు తేలినా సరే, ఆ రాత్రి అక్కడున్న డిస్ట్రాయర్ నమూనా ఒకటి మా ఇంట్లో ఉండాలని నాకు చాలాకాలంగా కోరిక.

2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ చూశాక మా ఖమ్మం పిల్లలకు జలాంతర్గామి అంటే ఏమిటో తెలిసింది. సినిమా కథ వేరు. అందులో ఘాజీని ముంచింది మరో జలాంతర్గామి. రాజ్‌పుత్ పేరు ఎత్తితే మొహమొహాలు చూసుకుంటారు. అసలు ఘాజీ వేట మొదలైందే విక్రాంత్‌లా రాజ్‌పుత్ ఆడిన నటనతో. తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ విమాన వాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, ఈ పాత నౌకను సముద్రంలోకి తోలి, విమాన వాహక నౌక పంపేటంత జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. అంత పని చేసిన నౌకకు ఒక నమూనా కిట్టు ఉండదా?

ఖమ్మంలో, కొత్తగూడెంలో బొమ్మల కొట్లవాళ్లు కిట్టు అంటే బ్యాటరీ పడవ తీసి చూపిస్తారు. తెలిసినవాళ్లను రాజ్‌పుత్ అని అడిగినా వాళ్ల మనసులో మెదిలేది రెండో రాజ్‌పుత్. అది సోవియట్ తయారీ, 1980లో చేరి 2021 మేలో విశాఖలోనే సెలవు తీసుకుంది. నాకు కావలసింది మొదటిది. స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్‌లోని జాన్ బ్రౌన్ కంపెనీ కట్టి, 1942లో రోథర్‌హామ్ పేరుతో నీళ్లలోకి దింపిన ఆర్ తరగతి డిస్ట్రాయర్. 1949లో తోబుట్టువులిద్దరితో, అంటే మన రాణా, రంజిత్‌లతో కలిసి ఇక్కడికి వచ్చింది. 1976లో తుక్కు కింద పోయింది. అందుకే నమూనా మీద ఇంత పట్టుదల.

వింతేమిటంటే శత్రువు దొరకడం తేలిక. ఘాజీ ఒకప్పటి అమెరికా జలాంతర్గామి డియాబ్లో. దానికి దగ్గరి చుట్టమైన గాటో తరగతిని రెవెల్ కంపెనీ 1/72 కొలతలో ఎంతో పెద్ద కిట్టుగా చేసింది. రాజ్‌పుత్‌కు దగ్గరగా నాకు దొరికింది టమియావారి 1/700 ‘ఓ’ (O) తరగతి డిస్ట్రాయర్. జపాన్‌లో షిజుఓకా కంపెనీలు ఈ 1/700 వరసను మొదలుపెట్టింది కూడా 1971లోనే. నీటిమట్టం దగ్గర కోసేసిన ఓడలివి. గోదావరి మీద పోచవరం రేవులో లాంచీ మనకు ఎంతవరకు కనిపిస్తుందో అంతవరకే ఉంటాయి. ఓ తరగతికీ మన నౌకకూ పోలికలున్నాయి. నాలుగు ఫిరంగులు, ఒకటే పొగగొట్టం. కానీ ఆర్ తరగతికి ఎన్నుకున్నది అంతకన్నా పెద్ద ఓడ ఒళ్లు. పొడవులో అసలు తేడా నాలుగు మీటర్లు, కిట్టులో ఆరు మిల్లీమీటర్లు కూడా రాదు. కోసి, అతికి, సాగదీసేవాళ్లున్నారు. నాకు మాత్రం పేరు మార్చిన వేరే ఓడ అక్కర్లేదు.

అట్టతో చేద్దామన్న ఆలోచన పోలండ్ నుంచి వచ్చింది. అక్కడ మాలీ మోడెలాష్ అనే పత్రిక దశాబ్దాల పాటు ఓడల్ని, విమానాల్ని కాగితం మీద అచ్చువేసి, కత్తిరించి అతికించుకొమ్మని పాఠకులకు ఇచ్చింది. ఆ అట్ట కోసం నేను పోలండ్ వైపు చూడక్కర్లేదు. భద్రాచలానికి గోదావరి ఇవతలి ఒడ్డున సారపాకలో పేపర్‌బోర్డు మిల్లు ఉంది. పాల్వంచ దాటాక అడవి అంచున రైతులు వేసిన జామాయిల్, సుబాబుల్ లారీలకెక్కేది ఆ మిల్లు కోసమే. 109 మీటర్ల నౌక 1/200 కొలతలో సుమారు 55 సెంటీమీటర్లవుతుంది, వెడల్పు అయిదున్నర. అంత సన్నని ఓడ అట్టలో వంకర పోకుండా నిలవాలంటే అడుగున నిలువు పట్టీ, దానికి అడ్డంగా పక్కటెముకలు మందం అట్టతో కోయాలి. పైతొడుగుకు పల్చటిది చాలు. బ్లేడు, స్కేలు, ఫెవికాల్ ఉంటే తొమ్మిదో తరగతి పిల్లలూ చేయగలరు. ఈ పని నాకు కిట్టుకన్నా మిన్నగా తోచడానికి అదీ ఒక కారణం.

పక్కన వేసే నంబరు రోథర్‌హామ్ నాటి హెచ్09 కాదు, డి141. జెండా కూడా ఆనాటిదే కావాలి, తెల్లబట్ట మీద ఎర్ర శిలువ, మూలన మువ్వన్నెలు. ఇవన్నీ తెలిసిన సంగతులు. తెలియాల్సింది 1971 నాటి వెనుక డెక్కు, డెప్త్ చార్జీలు దొర్లించిన చోటు. ఆ నౌకలో పనిచేసినవాళ్ల ఇళ్లలో, విశాఖలోనో శ్రీకాకుళంలోనో, పాత ఆల్బమ్‌లు ఉండే ఉంటాయి. అందులో డెక్కు మీద నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి దొరికినా చాలు, మనిషి వెనకాల కనిపించేదాన్ని బట్టి ఆ భాగం గీసుకుంటాను.