ఊత అల్లిన రోజు కూలీ

హైదరాబాదులో తారామతి, ప్రేమామతి సమాధుల మరమ్మతుకు అమెరికా ప్రభుత్వం 2019లో 1,03,000 డాలర్లు ఇచ్చింది. 2023లో పైగా నవాబుల సమాధులకు 2,50,000 డాలర్లు ప్రకటించింది. ఈ సంగతి క్లాసులో చెబితే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "వాళ్ళ దేశం కాదు గదా సార్, వాళ్ళకెందుకు?"

ఇతర దేశాల వారసత్వాన్ని కాపాడటానికి అమెరికా రాయబారుల పేరుతో ఒక నిధి 2001లో మొదలైంది. పేరు వస్తుంది, స్నేహం పెరుగుతుంది. అందుకే ఇస్తారు. దాన్ని దానధర్మంగా చూడనక్కర్లేదని చెప్పాను. వెనక బెంచీలోంచి ఇంకో ప్రశ్న వచ్చింది: "మన యానాదోళ్ళకిస్తారా సార్?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన నెల్లూరు తీరంలో మనవాళ్ళు కట్టిన రాతి కట్టడం ఒక్కటీ లేదు. మనకున్నది చేతిలోనూ నోటిలోనూ ఉంది. వెదురు చీల్చి ఊత అల్లడం, నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పడం, ఎలుక కన్నం గుర్తుపట్టి అది దాచుకున్న వడ్లు తవ్వి తీయడం, ఏ ఆకు ఏ నొప్పికో తెలియడం. ఆ అమెరికా నిధి నిబంధనల్లో కట్టడాలు, వస్తువులతోపాటు సంప్రదాయ కళలు, చేతిపనులు కూడా ఉన్నాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం 2018లో మొదలుపెట్టిన కార్యక్రమమైతే అచ్చంగా ఇలాంటి పనితనాన్ని నమోదు చేయడానికే. అంతరించే భాషలకు వేరే నిధి ఉంది గానీ, మనం మాట్లాడేది తెలుగే కాబట్టి అందులో మనకు చోటు దొరకడం కష్టం.

డబ్బు మన పేటదాకా రావడం ఇంకో కథ. విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు కేంద్ర హోంశాఖ దగ్గర అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. అనుమతి ఉన్న సంస్థ తనకొచ్చిన విరాళాన్ని ఇంకో సంస్థకు పంచడానికీ వీల్లేదు. అంటే పెద్ద సంస్థ తెచ్చి మన చిన్న సంఘానికి ఇద్దామన్నా కుదరదు. ఏ యూనివర్సిటీయో, పరిశోధన సంస్థో ముందుండి నడిపితే తప్ప పని జరగదు. వాళ్ళు ముందుంటే మనం ఎక్కడుంటామన్నది నాకున్న భయం.

మన గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన సంపుటాల్లో మనకు చాలా పేజీలున్నాయి. వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో మన మీదే ఒక పుస్తకం తెచ్చారు. రెండూ ఇంగ్లీషులోవే. మా పేటలో వాటిని చూసినవాళ్ళు లేరు.

ఈమధ్య ఒక సంస్థవాళ్ళు ఇలాంటి దరఖాస్తు కోసం నా సాయం అడిగారు. మా అవ్వ దగ్గరికి తీసుకెళ్ళాను. వీడియో తీస్తారనీ, అది ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చనీ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది. "ఊత అల్లేది తీసుకోమను. పాటలూ తీసుకోమను. మందులు మాత్రం రాయబాక అబ్బయ్యా. ఊత చూసినోడు ఊత అల్లుకుంటాడు. ఆకు చూసినోడు అడివంతా పీక్కపోతాడు" అంది.

వచ్చినవాళ్ళకు ఇది నచ్చలేదు. దరఖాస్తుకు బలం మందులతోనే వస్తుందన్నారు. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చిందనీ, ఆదివాసుల తెలివికి అందులో హక్కు ఉందనీ నేను గుర్తుచేశాను. చివరికి మందుల పేరా కొట్టేశారు.

తర్వాత ఖర్చుల పట్టిక చూశాను. కెమెరా, హార్డ్‌డిస్కు, ప్రయాణం, సలహాదారు ఫీజు అన్నీ వేర్వేరు గడుల్లో ఉన్నాయి. ఊత అల్లే తాతకు ఇచ్చేది 'ఇతర ఖర్చులు'లో టీ, బిస్కెట్ల పక్కన ఉంది. ఆయన్నే అడిగాను, ఎంత రాయమంటావు తాతా అని.

"వెదురు తెచ్చేదానికి ఒక రోజు, చీల్చి అల్లేదానికి రెండు రోజులు. మూడు రోజుల కూలీ రాయి. నేర్చుకునే పిలకాయలకు మధ్యాహ్నం అన్నం కూడా రాయి" అన్నాడు.

కొత్త గడి ఒకటి గీయించి రెండూ రాశాం.