ఎవరి గీత వారిది

వానలు వెనుకబట్టి, పత్తి ఏరుట ముగిసి, నల్లరేగడి నేల గట్టిపడిన దినములలో ఆదిలాబాదు పల్లెలయందు కబడ్డీ పోటీలు మొదలగును. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల బరికి సున్నముతో గీతలు గీయుదురు. అవి నాలుగు కూతలు సాగునంతలోనే పాదముల రాపిడికి చెదరి, నలుపులో తెలుపు కలిసి బూడిదరంగు చారలై మిగులును. అట్టి చారపై కూతకు పోయినవాని వ్రేలికొస ముందు తాకినదా, ఊపిరి ముందు తెగినదా యని రెప్పపాటులో నిర్ణయింపవలసిన అంపైరును చూచినప్పుడెల్ల నాకు ఆయన యెడలనే గాక, నడిగీత ఆవలి కొసన నోరు మెదపక నిలిచియున్న రెండవ అంపైరు యెడల గూడ మిక్కిలి గౌరవము కలుగుచుండును.

కబడ్డీ నియమముల ననుసరించి బరిలో సాధారణముగా అంపైర్ల మాటయే తుదిమాట. ఇరువురకు భేదాభిప్రాయము వచ్చినప్పుడు గాని, ఆట మేలుకోరి తప్పనిసరియైన విశేష సందర్భమున గాని రిఫరీ కలుగజేసికొనును. చదువుటకు ఇది సులభమే. కాని గోదావరిఖనిలోనో, బెల్లంపల్లిలోనో, మొదటి షిఫ్టు దిగివచ్చిన గని కార్మికులు బరిచుట్టును క్రిక్కిరిసి నిలువగా, ఇరుజట్ల పాయింట్లు సమానమై, ఆఖరి కూతకు పోయినవాడు నలుగురి పట్టులో పెనుగులాడుచు నడిగీతకై చేయి చాచి, ఆ గీత దగ్గరి అంపైరు ఈల ఊది అవుటని చూపినప్పుడు గాని దాని బరువు తెలియదు. ఆ క్షణమున నష్టపోయిన జట్టువారు తీర్పు చెప్పిన ఆయనను విడిచి రెండవ ఆయన దగ్గరకు పరుగెత్తుదురు. "సార్, మీరన్న చెప్పుండ్రి, గీత అందింది గద!" రెండవ ఆయనకును ఏదో కనబడియే యుండును; అయితే అది అంత దూరమునుండి, నాలుగు వీపుల సందున కనబడినది. ఆయన చెప్పునది ఒక్కటే: "ఆ గీత కాడ సారున్నడు. ఆయననే అడుగుండ్రి."

దీనిని కొందరు చేతులు దులిపికొనుటగా భావింతురు, నేనట్లు భావింపజాలను. ఒక్కసారి ఆయన దూరమునుండి తల అడ్డముగా ఊపినచో, అటుపిమ్మట మొదటి అంపైరు ఈలకు విలువ యుండదు; ప్రతి పట్టునకును రెండు న్యాయస్థానములు వెలయును; ఏది అనుకూలమో దానికే పరుగెత్తుట ఆటగాండ్రకు అలవాటగును. చుట్టు నిలిచిన కార్మికులకు ఈ సంగతి ఒకరు బోధింపనక్కరలేదు. భూగర్భ గనిలో పైకప్పును కర్రతో తట్టి, ఆ ధ్వని విని, అచట పని సాగవచ్చునో లేదో చెప్పవలసినవాడు ఆ కప్పు క్రింద నిలిచిన సర్దారే గాని, దూరమున నున్న మరియొకడు కాడు.

అయినను ఈ గౌరవము ఒకవైపు నుండియే వచ్చునది కాదు. తన దృష్టికి అడ్డము వచ్చినప్పుడు తోటివానిని అడుగుట తీర్పరి ధర్మము. క్రికెట్ చట్టములలో 31వది దీనిని నేను మెచ్చునంత చక్కగా విభజించినది: స్టంపింగు, హిట్ వికెట్టు, స్ట్రైకరు కొసన రనౌటు — ఇవి స్క్వేర్‌లెగ్ అంపైరువి; తక్కినవన్నియు బౌలరు కొసనున్నవానివి; రెండవవానికి బాగుగా కనబడియుండునని తోచినచో అడుగవలెను, అడిగిన పిమ్మటను సందేహము మిగిలినచో నాటౌటు. అడిగినను తీర్పు చెప్పువాడు అడిగినవాడే యగుట ఇందలి సొగసు. అమెరికా వారి బేస్‌బాల్ నియమము మరింత కఠినమైనది: తీర్పు చెప్పినవాడు కోరనిదే తోటి అంపైరు దానిని విమర్శింపరాదు, మార్పింపజూడరాదు. 1986లో లాహోరు టెస్టునకు తటస్థ అంపైర్లుగా మన హైదరాబాదు అంపైరు వి.కె. రామస్వామిని, పిలూ రిపోర్టరును పిలిచినప్పుడు, పాకిస్తాన్, వెస్టిండీసు జట్లు రెండును నమ్మవలసివచ్చినది ఒక్క వ్యక్తిని కాదు, ఒక జంటను.

జంట చెదరినప్పుడు ఏమగునో 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనలులో లోకమంతయు చూచినది. భారత, ఇరాన్ జట్లు 28-28గా నున్నవేళ, తరువాత తెలుగు టైటాన్స్‌కు ఆడిన పవన్ సెహ్రావత్ ఎవరిని తాకకయే బరి ప్రక్కపట్టీయగు లాబీలో అడుగిడగా, వెంటబడిన ఇరాన్ ఆటగాండ్రును లాబీలోనికి దిగిరి. పాత నియమమా, కొత్త నియమమా యను వివాదమున తీర్పు మారి, మరల మారి, దాదాపు గంటసేపు ఆట నిలిచిపోయెను. తుదకు 33-29తో మనకు స్వర్ణము లభించినను, ఆ గంటలో అధికారుల చుట్టు మూగిన జనమును చూచి నేను సంతోషింపలేకపోతిని. అచట వీడియో ఉన్నది, అనుభవజ్ఞులున్నారు. లేనిదెల్ల ఏ నియమము నడచునో, ఎవరి మాట ఎచట నిలుచునో ముందుగ కలిగిన ఏకీభావమే.

మన మండల పోటీలలో ఈల పట్టువారు తరచుగా వ్యాయామోపాధ్యాయులు. తెల్లవారి బస్సు దిగి నేరుగ బరిలోనికి వచ్చువారు. ఒకరి ముఖమొకరు అప్పుడే చూచువారు. అతిథుల సన్మానమునకు అరగంట కేటాయించు నిర్వాహకులు, అంపైర్లిద్దరును రిఫరీయు ఒకచోట నిలిచి, ఏ పక్కగీత ఎవరిదో, అడుగవలసివచ్చినప్పుడు ఏ సైగ చేయవలెనో మాటాడుకొనుటకు ఐదు నిమిషములిచ్చినచో, చివరి కూతకు ఎవడును రెండవ సారు దగ్గరకు పరుగెత్తడని నా నమ్మకము.