తాత బర్మారు

2019 నవంబర్ ఆఖర్న ఏటూరునాగారం నుంచి బాపు ఫోన్. "ఒక్కో లైసెన్సుదారుకు మూడు తుపాకులుండేటివి గదా, కొత్త బిల్లుల ఒక్కటే అంటున్నరు. లైసెన్సున్నోళ్లమంతా ఎంపీకి రాస్తున్నం. నువ్వు మంచిగ రాసిపెట్టు బిడ్డా."

"మనకున్నదే ఒకటి కదా బాపూ, మనకేం పోతది?"

"ఇయ్యాల మూడు ఒకటైతది. రేపు ఆ ఒకటి?"

మాది తాత బర్మారు. మక్కచేన్ల పడే అడవిపందుల్ని బెదిరించడానికి తీసుకున్న లైసెన్సు. అన్నలు తిరిగే రోజుల్లో వాళ్లొచ్చి అడుగుతారని ఒక భయం, ఇస్తే పోలీసులు అడుగుతారని ఇంకో భయం. తాతే తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పజెప్పాడు. నా చిన్నప్పుడు ఇంట్లో తుపాకీ లేదు, దాని రశీదే ఉండేది.

తుపాకులంటే నాకేం ఇష్టం లేదు. పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు అని అదే బిల్లులో ఉంటే సంతోషించాను. అయినా ఉత్తరం రాశాను: 'ఎన్ని' అని కాదు, 'ఎందుకు' అని అడగండి. చేను కాపలాకున్న ఒక్కటీ, షోకుకున్న మూడూ ఒకే లెక్కలోకి రావు.

డిసెంబర్‌లో పార్లమెంటు ఆ ఒకటిని రెండు చేసి బిల్లు పాస్ చేసింది. అడిగితే అంకె మారుతుందని తెలిసింది. 'ఎందుకు' అన్న ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది.

అందుకే లైసెన్సున్న రైతులకు చెప్తున్నా. మళ్లీ బిల్లొస్తే వ్యతిరేకించండి, కానీ మీ చేను సంగతి మీరే రాయండి. మూడు తుపాకులున్నాయన అది రాయడు.